పనస తిన్న రాజు

మొన్న వేసవిలో రాజోలు దగ్గర మా ఇంట్లో జరిగిందిది. పనసపండు కోయడం పని కాదు, పనిష్మెంటు. మధ్యాహ్నమంతా తొనలు వలిచి, వీధిలో అందరికీ పంచి నడుం వాల్చానో లేదో, పక్కింటావిడ కేక.

"వదినగారూ! మీ రాజు చొంగ కారుస్తోందండీ! పిచ్చెక్కినట్టుంది, బయటికి రాకండి!"

రాజు మా కుక్క. నోరు తెరవలేక, మూతి నేలకేసి రాస్తూ పెరట్లో గుండ్రంగా తిరుగుతోంది. దానికి తొనలు వేసింది నేనే. అవి పడక చచ్చిపోతుందేమోనని నా భయం. వీధిలోవాళ్ల భయం వేరు. అప్పటికే కర్రలతో గేటు దగ్గరికి వచ్చేశారు.

"కాసేపు ఆగండి బాబూ, డాక్టరుగారు వస్తున్నారు" అని మావారు గేటుకి అడ్డం నిలబడ్డారు.

పశువుల డాక్టరుగారు వచ్చి, గ్లవ్స్ వేసుకుని రాజు మూతి పట్టి చూశారు.

"తొనలు పెట్టాను, విషమైందాండీ?" అన్నాను ఏడుపుగొంతుతో.

"గింజ తీసి ఒకటి రెండు పెడితే ఏం కాదండీ. తొక్కలెక్కడ పడేసేరు?"

పెరట్లోనే. కుప్పంతా నమిలేసి ఉంది.

"ఆయ్, ఇది పిచ్చి కాదండీ, పనసజిగురు. పళ్లు అంటుకుపోయేయి. మీరు చేతులకి నూనె రాసుకుని కోసేరు, మరి దానికెవరు రాసేరండీ? కొబ్బరినూనె పట్రండి."

నూనె పట్టించి, జిగురంతా తీసేసరికి పొద్దు వాలింది. నోరు విడగానే రాజు గేటుకేసి తిరిగి, కర్రలవాళ్ల మీద ఒకటే మొరుగుడు. ఊరుకోమనే ఓపిక నాకు లేదు. మూగజీవం అంటాం గానీ, ఆ పూట అది అన్న మాటలు ఎవరికీ అర్థం కాకపోవడమే మంచిదైంది. మళ్లీ రేపు వాళ్ల మొహాలు చూడాలిగా!