మాట మార్చిన నరసమ్మ

అప్పలనరసమ్మ బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి రాయపూర్ రైల్వే కాలనీకి కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు వచ్చిన హిందీ ఒక్క ముక్క, ‘పానీ’. చేతిపంపు దగ్గర నాలుగు తిట్లు తిని, ఎనిమిది తిట్టి, ఏడాది తిరక్కుండా ఆ భాషను లొంగదీసింది. ఆ తర్వాత కాలనీలో తెలుగాడవాళ్ళకి ఆస్పత్రిలోనైనా, రేషన్ షాపులోనైనా నోరు ఆమెదే. ఆ సంగతిలో కాస్త పొగరు కూడా ఉండేది లెండి. విన్నది విన్నట్టు చెబుతుంది, ఉప్పూ కారం చల్లదు. ఒక తల్లికి పిల్లాడు దక్కడని డాక్టరు హిందీలో చెబితే, పక్కవాళ్ళు కొంగు పట్టి లాగుతున్నా ఆగకుండా తెలుగులో చెప్పేసింది. “ఆల మాట ఆలకి అప్పజెప్పాల. మజ్జిన దాసుకోడానికి నానెవుల్ని?” అంది.

అలాంటి మనిషి ఒక్కసారి మాట మార్చింది. తప్పా ఒప్పా అని నన్నడక్కండి. కడుపున పిల్లల్ని కన్నవాళ్ళని అడగండి.

ఆమె పెనిమిటి సత్తిరాజు వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు. నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళన్న అమ్మిరాజుకి యాభై నిండకుండానే బుద్ధి తిరిగిపోయింది. పెళ్ళాం టీలో విషం కలుపుతోందనేవాడు, నడివీధిలో బట్టలు విప్పేవాడు. గాలి సోకిందన్నారు, ఆరంగ్ ఊరు దాటి ఎవడో మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళారు. తర్వాత అరుపులు పోయి మరుపు వచ్చింది. చివరికి నోట్లో పెట్టిన ముద్ద మింగాలన్నది కూడా మరిచి కన్నుమూశాడు. అంతకు ముందు వాళ్ళ మేనత్తా అంతే.

సత్తిరాజు రిటైరై రాయపూర్‌లోనే మోవాలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాక ముందు ఆయన హిందీ పోయింది. ముప్పై ఏళ్ళు కార్ఖానాలో హిందీలోనే బతికినవాడు, కూరలబండివాడు ఏదో అడిగితే తెల్లమొహం వేశాడు. నరసమ్మ చెవుడంది. పెరుగులో పంచదార బదులు టీపొడి వేసుకుంటే పరాకంది. తెలియక కాదు. తెలిసే అంది.

సరిగ్గా అప్పుడొచ్చింది రాజశ్రీ. బెంగుళూరులో శాస్త్రవేత్త, నరసమ్మకి మాత్రం డాక్టరమ్మే. ఒకే ఇంట్లో ఒకరికి పిచ్చిగా, ఇంకొకరికి మరుపుగా బయటపడే జబ్బుకి రక్తంలో మూలమెక్కడుందో వెతుకుతోంది. అమ్మిరాజూ, మేనత్తా బతికుండగానే వాళ్ళ రక్తం తీసుకుంది. ఇప్పుడు సత్తిరాజు కోసం వచ్చింది. “ఈయన బాగుంటే జబ్బు ఈ కొమ్మకి రానట్టే. మీ అమ్మాయికి భయం లేదు” అంది హిందీలో.

ఆ ఒక్క మాటే నరసమ్మ పట్టుకుంది. కూతురు త్రివేణి ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది. పెళ్ళయి ఐదేళ్ళు. “పెదనాన్నలా అయ్యేదుంటే నాకు పిల్లలొద్దమ్మా” అని కూర్చుంది.

రాజశ్రీ జ్ఞాపకశక్తి పరీక్ష మొదలుపెట్టింది. సత్తిరాజుకి హిందీ లేదు, ఆమెకి తెలుగు లేదు. మధ్యలో నరసమ్మ.

ఇది ఏ ఊరని అడిగితే ఆయన బొబ్బిలన్నాడు. నరసమ్మ రాయపూర్ అని చెప్పింది. గడియారం బొమ్మ గీయమంటే, కళ్ళజోడు విరిగిందని తప్పించింది. హిందీ సంగతడిగితే, ఆయనకి మొదట్నుంచీ అంతంతమాత్రమేనంది. పక్కనున్నది ఎవరని అడిగితే సత్తిరాజు ఆమె వంక మర్యాదగా చూసి, “ఎవులో... మంచావిడ” అన్నాడు.

“మేరీ ఘర్‌వాలీ” అని చెప్పింది నరసమ్మ. నా ఇల్లాలు.

రాజశ్రీ అలాగే రాసుకుని, రక్తం తీసుకుని వెళ్ళిపోయింది. నరసమ్మ పెరట్లోకి పోయి నీళ్ళ డ్రమ్ము చాటున నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఆ ఏడాదంతా కూతురు చూడవచ్చినప్పుడల్లా నరసమ్మ ఆయన మాటకి అడ్డం పడి తనే జవాబు చెప్పేసేది. మరుసటేడు రాజశ్రీ మళ్ళీ వచ్చినప్పుడు త్రివేణి ఇంట్లోనే ఉంది. ఈసారి డాక్టరమ్మ మొహం వాడిపోయి ఉంది.

“అమ్మిరాజుగారి రక్తంలో ఒక మార్పు కనిపించింది. మేనత్తలోనూ అదే. దొంగ దొరికాడనుకున్నాను. కానీ అది సత్తిరాజుగారిలోనూ ఉంది, ఆయనేమో నిక్షేపంగా ఉన్నారు. అంటే దొంగ అది కాదు. దాన్ని వదిలేసి మళ్ళీ మొదట్నుంచీ వెతకాలి” అంది.

త్రివేణి మొహం వెలిగిపోయింది. “మరి మేం బేఫికరే, భయం లేనట్టే కదా మేడమ్? నాన్న ఠీక్ ఉన్నారు కదా! అమ్మా, విన్నావా?”

నరసమ్మ వింది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు. వాణ్ణి వదిలేయించింది తనే. ఇన్నేళ్ళ డాక్టరమ్మ కష్టం, మందు దొరుకుతుందన్న అమ్మిరాజు పిల్లల ఆశ తన నోటి మీదుగా గంగలో కలిసిపోతున్నాయి. నోరు మూసుకుంటే కూతురు నవ్వుతూ ఇంటికెళ్తుంది, ఏడాదిలో మనవణ్ణి ఎత్తుకోవచ్చు. ఓరి భగవంతుడా, అంతకన్నా ఏం కావాలి ఏ తల్లికైనా! కానీ తెలుసుకుంటే గానీ పిల్లల్ని కననన్న పిల్ల, తన అబద్ధాన్ని నమ్మి కంటుంది. కన్నకూతురి కళ్ళకి గంతలు కట్టి నూతి గట్టు మీద నడిపించినట్టే కదా అది.

“ఓలమ్మా, నాను అబద్దమాడినాను” అంది త్రివేణితో. రాజశ్రీ వైపు తిరిగి అదే మాట హిందీలో చెప్పి, “మళ్ళీ అడుగు. ఈసారి ఆయనేటంటే అదే సెప్తాను” అంది.

త్రివేణి మొహంలో నెత్తురు చుక్క లేదు. రాజశ్రీ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా అడిగింది: పక్కనున్నది ఎవరు?

సత్తిరాజు నరసమ్మను ఎగాదిగా చూసి నవ్వాడు. “ఎవులో గానీ శానా మంచావిడ. నాకు కూడెడతాది. ఆలాయన ఏటైపోనాడో, పాపం, ఎప్పుడూ ఇక్కడే ఉంటాది.”

నరసమ్మ హిందీలో చెప్పింది. ఎవరో గానీ చాలా మంచావిడ. నాకు అన్నం పెడుతుంది. వాళ్ళాయన ఏమైపోయాడో, పాపం, ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. ఒక్క ముక్క వదల్లేదు. చెబుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

సత్తిరాజు ముందుకు వంగి ఇంకేదో అన్నాడు.

“ఏమంటున్నారు?” అంది రాజశ్రీ.

త్రివేణి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నరసమ్మ రాజశ్రీ వైపు తిరిగింది.

“ఎందుకమ్మా ఏడుస్తున్నావు, నీకెవరూ లేరా అని అడుగుతున్నాడు” అని దాన్ని కూడా హిందీలో అప్పజెప్పింది.