మొగకు అడ్డంగా మా పెద్దమ్మ

మా పెద్దమ్మ కిందటి నెల చనిపోయింది. జబ్బు చేసి కాదు, కొట్లాటలో. ఆమె గురించి తెలిసిన వాళ్లెవరూ ఇందుకు ఆశ్చర్యపోలేదు.

నిజాంపట్నంలో ఆమెకో చిన్న టూరిస్టు లాంచీ ఉండేది. గుంటూరు మిర్చి వ్యాపారులు, ఒంగోలు లెక్చరర్లు కుటుంబాలతో వచ్చి ఎక్కేవారు. మడ అడవుల్లో కొంగలను, తెల్లవారుజామున ఇసుకలో గుడ్లు పెట్టే తాబేళ్లను చూపించి, యానాదుల పాలెంలో దించేది. అక్కడ వాగు సముద్రంలో కలిసే మొగ ఉంది. యానాదులు ఆ బురదలో చేతులతో పీతలు పడతారు. వాళ్ల పాటలు విని, పీతల పులుసు తిని జనం తిరిగొచ్చేవారు. నేను లాంచీలో టీ కాచేదాన్ని.

ఎక్కిన ప్రతివాళ్లకీ పెద్దమ్మ ఒకటే మాట చెప్పేది. "చూడ్డానికొచ్చారు, చూసి పొండి. ముట్టుకోడానికి టికెట్టు లేదు." ఒక పెద్దమనిషి వినకుండా ఫొటో కోసం తాబేలు మీద కూర్చున్నాడు. పెద్దమ్మ తెడ్డు తీసుకుని వీపు మీద ఒక్కటేసింది. తర్వాత తనే నొప్పి మందు రాసింది, రాస్తూ కూడా తిట్టింది. తల్లిలేని నన్ను పెంచింది ఆ చేతులే. దెబ్బలూ బాగానే తిన్నాను. అయినా నాకు ఆమె అంటే ప్రాణం.

ఆమె అసలు పగ పెద్ద మరబోట్ల మీద. అవి ఒడ్డుకు మరీ దగ్గరగా వచ్చి మొగనంతా వలలతో ఊడ్చుకుపోయేవి. వెనకే మెడలు తెగిన తాబేళ్లు కొట్టుకొచ్చేవి. యానాదుల బుట్టలు ఖాళీ. ఎందరికి మొరపెట్టుకున్నా ఎవరూ కదల్లేదు. చివరికి జెట్టీ మీద ఒక మరబోటు నడిపే సరంగును కాలర్ పట్టుకుని కొట్టింది. అతని మనుషులు ఆమె ముందరి పళ్లు రాలగొట్టారు. మర్నాడు వాచిన మూతితోనే లాంచీ తీసింది.

ఆ రోజు జనాన్ని పాలెంలో దించగానే మరబోటు ఒకటి మొగ వైపు రావడం కనిపించింది. నన్నూ దిగమంది. దిగనంటే జుట్టు పట్టుకుని బురదలోకి తోసింది.

"నీకు పిల్లలున్నారే. ఈ మొగ పోతే ఈ యానాదులేం తిని బతుకుతారు?"

లాంచీని మొగకు అడ్డంగా పెట్టింది. వాళ్లు ఆగుతారనుకున్నాను. ఆగలేదు. చెక్కలు విరిగిన చప్పుడుతో పాటు ఆమె తిట్టిన తిట్టు కూడా నాకు వినిపించింది. యానాదులు ఈదుకుంటూ వెళ్లి బయటికి తీసేసరికి ఛాతీ నలిగిపోయి ఉంది. గుద్దినవాళ్లు ఇప్పుడు జైల్లో ఉన్నారు. నా కోపం మాత్రం చల్లారలేదు.

మునిగిన లాంచీని లేపి ఇంజను అమ్ముదామని మా అన్న క్రేన్ మాట్లాడాడు. సంగతి తెలిసి పాలెం పెద్దాయన మా ఇంటికొచ్చాడు.

"దాన్ని అక్కడే ఉండనీయమ్మా. వలలు తగులుకుని చిరిగిపోతున్నాయి ఆ మరబోట్లోళ్లయి."

క్రేన్ వద్దన్నాను. అన్న అరిచాడు. నేను అంతకన్నా గట్టిగా అరిచాను.

నిన్న పోటు తగ్గి నీళ్లు తీసిన వేళ వెళ్లి చూశాను. లాంచీ విరిగిన పైకప్పు నీటి పైకి కనిపిస్తోంది, దాని మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. మరబోటు ఒకటి దూరం నుంచి మొగ వైపు వచ్చింది. దగ్గరయ్యాక వేగం తగ్గించి, పక్కకు తిరిగి, లోతు నీళ్లలోకి వెళ్లిపోయింది. యానాది ఆడవాళ్లు చీరలు ఎగదోపుకుని, బుట్టలతో బురదలోకి దిగారు.