తీగకు గుచ్చిన ఫలితం

రేపల్లెలో మా ఇంట్లో చదివేసిన ఉత్తరాలన్నీ వసారాలో వేలాడే ఇనప తీగకు గుచ్చేవారు. బాపట్ల హాస్టలు నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ తీగ దించుకుని పాతవన్నీ మళ్ళీ చదివేదాన్ని. ఇంట్లో చదవడానికి ఇంకేమీ ఉండేవి కావు. డెబ్బయిల్లో ఒక దసరా సెలవుల్లో, అలా చూస్తుంటే ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి దొరికింది.

ఆ వేసవిలో అమ్మ మా పిన్నికి తోడుగా తెనాలి ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ, ఈ వయసు వాళ్ళందరికీ చేస్తున్నామంటూ అమ్మకూ గర్భసంచి ముఖద్వారం దగ్గర పరీక్ష చేసింది. ఆ ఫలితమే ఇది. కణాల్లో తేడా కనబడిందనీ, క్యాన్సరు అవునో కాదో తేల్చడానికి నెలలోపు మళ్ళీ రావాలనీ ఉంది. పైనున్న తేదీ చూశాను. పది వారాలు దాటిపోయాయి.

అమ్మ వంటింట్లో గోంగూర తుంచుతోంది.

"అమ్మా, తెనాలి డాక్టరమ్మ నిన్ను మళ్ళీ రమ్మందే."

"ఎందుకంట? ఒకసారి పడుకోబెట్టి చూసింది చాలదంటా? సిగ్గుతో చచ్చాను. నా వల్ల కాదు తల్లీ."

"కొంచెం తేడా ఉందంట."

"ఈ వయసులో తేడా లేకపోతేనే విడ్డూరం. ఆ చేట ఇటివ్వు."

క్యాన్సరు అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇక నాన్న ముందు గర్భసంచి అని ఎలా పలకను? ఎలా చెప్పాలో డైరీలో రాశాను, కొట్టేశాను. మధ్యాహ్నమంతా వసారాకీ పెరటికీ తిరిగాను. చివరకు ఆ కాగితంలో ఉన్నదంతా తెలుగులో రాసి, నాన్న కళ్ళజోడు పెట్టెలో పెట్టి, పెరట్లోకి పోయి నిలబడ్డాను.

సాయంత్రం నాన్న పెరటి గుమ్మంలోకి వచ్చారు.

"ఇంగ్లీషులో ఉంటే, పరీక్ష అయిపోయిందని పంపారనుకున్నానమ్మా. నేనే గుచ్చేశాను." వంటింటి వైపు తిరిగారు. "ఏమేవ్, రేపు పొద్దున బండికి తెనాలి వెళ్తున్నాం."

"పప్పు నానేశానండీ!"

"నానితే నాననీ."

తెనాలిలో డాక్టరమ్మ ఆ చిల్లు కాగితాన్ని చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?" అంది. అమ్మను లోపలికి తీసుకెళ్ళి, తేడా ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకు గుంటూరు పంపింది. అందరం బయటికొచ్చాక నేనొక్కదాన్నే వెనక్కి వెళ్ళి, "ఈసారి ఉత్తరం నా పేర, హాస్టలుకి రాయండి" అన్నాను. కొత్తవాళ్ళతో అంత మాట అనడం నాకదే మొదలు.

హాస్టలుకి తిరిగొచ్చాక పాఠం ఒక్కటీ తలకెక్కలేదు. పోస్టుమాన్ సైకిలు గేటు దాటి వెళ్ళిపోయేదాకా కిటికీ వదిలేదాన్ని కాదు. మూడోవారంలో ఉత్తరం వచ్చింది. క్యాన్సరు కాదు. వదిలేస్తే కావచ్చు. వెంటనే వచ్చి తేడా ఉన్న భాగాన్ని కరెంటుతో కాల్పించుకోవాలి, ఆపైన ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. క్లాసు మానేసి బస్సెక్కాను.

నాన్న ఎదురుగా కూర్చుని, ఒక్క మాటా మింగకుండా చదివాను. ఆయన ఉత్తరం తీసుకుని అలవాటు కొద్దీ తీగ దాకా వెళ్ళారు. ఆగి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"పొద్దున బండేనా?" అంది అమ్మ వంటింట్లోంచి. "అయితే పప్పు నానేయను."