గళ్లు కట్టిన పీడనం

"నీళ్లు పల్లానికే పోతయి గద మేడం, గింత లెక్కెందుకు?" అని కరీంనగర్ కన్సల్టెంటు ఒకాయన తిరుమలను అడిగాడు. ఆయన వెనక గోడ మీద 'నాణ్యతే మా దైవం' అని బోర్డు ఉంది. తిరుమల ఇంజనీరింగ్ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతుంది. ఆయన కోసం ఒక ఊరి నీళ్ల పైపు వంపులో నీటి వేగం, పీడనం ఎంతో కంప్యూటర్‌లో లెక్కగట్టే పని ఒప్పుకుంది.

పైపును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కిస్తే వేగం బాగానే వచ్చింది. పీడనం మాత్రం తెర మీద ఎరుపు, నీలం గళ్లుగా తేలింది. సిరిసిల్లలో మరమగ్గం నడిపే తండ్రి కైలాసం అది చూసి నవ్వాడు.

"ఏంది బిడ్డా, లుంగీ నేస్తున్నవా?"

"తప్పు నేసిన బాపూ."

వేగానికీ పీడనానికీ ఒకే రకం ముక్కలు వాడితే లేని పీడనం ఇట్లా గళ్లు కడుతుంది. వేగానికి ఇంకాస్త నాజూకు ముక్కలు ఇచ్చి, వారం కూర్చుని సరిచేసింది. అప్పుడు బయటపడింది, ఆ వంపు తట్టుకోలేనంత పీడనం.

కన్సల్టెంటు అప్పటికే, ఆమె మొదట పంపిన బొమ్మను గళ్లు కనబడకుండా నున్నగా రుద్ది, ఆమె పేరుతో రిపోర్టులో అచ్చేయించాడు. ఆమె ఆ రిపోర్టు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.

"జర అడ్జస్ట్ కాండ్రి మేడం, బొమ్మలు ఎవడు చూస్తడు?"

"వంపు పగిలినంక అందరు చూస్తరు. నా పేరు తీసెయ్యండ్రి."

అసలు లెక్కను ఆమే పైపు వేయించేవాళ్లకు పంపింది. వాళ్లు వంపు దగ్గర మందమైన పైపు వేయించారు. కన్సల్టెంటు ఆమెకు ఇవ్వాల్సిన పద్దెనిమిది వేలు ఇప్పటికీ ఇవ్వలేదు.