లాంచి పక్కన సింగిడి

పెళ్లయి నందికొండకు కాపురానికి వచ్చిన కొత్తలో నేను పనీపాటా మానేసి నీళ్లను చూస్తూ కూర్చునేదాన్ని. మాది కోస్గి దిక్కు ఊరు. ఎండాకాలం వస్తే బావిలో ఊట ఊరేదాకా బిందె పక్కన పెట్టుకుని కునుకు తీయాలి. ఇక్కడేమో డ్యాం అడ్డుపడి నిలిచిన కృష్ణ, కొండల మధ్య కంటికి ఆనినంత దూరం నీళ్లే. పొయ్యి మీద పప్పు మాడినా నాకు పట్టేది కాదు. ఇన్ని నీళ్లున్న చోట మాడిన గిన్నె తోమడం కూడా సంబరమే.

అరవైల చివర్లో సంగతి ఇది. మా ఆయన లాంచి నడిపేవాడు. ఒక కాంట్రాక్టరు కొన్న పాత డీజిల్ లాంచి. నీళ్లు నిండి దారులు మునిగిపోయాయి కాబట్టి మనుషులు, మేకలు, జొన్న బస్తాలు అన్నీ దాని మీదే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోవాలి. లాంచి డ్రైవరు పెళ్లాన్నని నాకున్న గర్వం కలెక్టరు భార్యకు కూడా ఉండి ఉండదు.

ఒక పొద్దున రేవుకు వెళ్తే, లాంచి పక్కన నీళ్ల మీద రంగులు కనిపించాయి. ఎరుపు, పసుపు, నీలం, ఊదా, అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మెల్లగా సాగుతున్నాయి. వాన వెలిశాక ఆకాశాన వంగే సింగిడి నీళ్లలోకి దిగినట్టుంది. బిందె అక్కడే పడేసి వాడకట్టంతా తిరిగాను.

"గంగమ్మ సింగిడి చీర గట్టింది. జల్ది రాండ్రి," అని గడపగడపకూ చెప్పాను.

ఆడవాళ్లంతా వచ్చారు. పసుపు కుంకుమలు చల్లారు, కొబ్బరికాయలు కొట్టారు. మా పక్కింట్లో ఒక అవ్వ ఉండేది. రేవులో ఆమె మాటే మాట. ఆమె ఆ రంగుల మధ్యనే బిందె ముంచి, తీర్థమని ఇంటికి పట్టుకెళ్లింది. పోతూ పోతూ నా బుగ్గ పుణికి, "మంచి కాలు పెట్టినవ్ బిడ్డా," అంది. ఆ తర్వాత నేను నేల మీద నడిస్తే ఒట్టు. లాంచిలో మా ఆయన మాత్రం ఇంజను లోపలికి తల దూర్చి, ఎంత పిలిచినా బయటకు తీయలేదు.

మధ్యాహ్నం అవ్వ పప్పు గిన్నెతో మా గుమ్మంలో నిలబడింది.

"వాసన సూడు," అంది.

చూశాను. గిన్నెలోంచి గుప్పున గాసునూనె కంపు కొట్టింది.

"మీ గంగమ్మ చీర నా పప్పుల ఉడికింది."

నాకు నవ్వొచ్చింది. అక్కడ నవ్వకూడదు, కానీ నవ్వు చెప్పి వస్తుందా. అవ్వ మొహం ఇంకా బిగిసింది.

"నవ్వు, మంచిగ నవ్వు. సద్దుల బతుకమ్మ దాకా సూస్త. గా దినం గౌరమ్మను నీళ్లల్ల ఇడిచేటప్పుడు గీ నూనె కనవడ్డదో, గీ లాంచి మా రేవుల ఉండది."

ఊరికే అన్న మాట కాదది. రేవులో గొడవ వస్తే డ్రైవరును మార్చేస్తానని కాంట్రాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. డ్రైవరు మారితే మేమిద్దరం మళ్లీ కోస్గికి, ఆ బావి గట్టు మీది కునుకుకు. నాకు ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది, అది మొగుడి మీద.

"గా రంగులు నూనెవని నీకెరుకనేనా?"

"ఎరుకనే," అన్నాడు.

"మరి కొబ్బరికాయలు గొడ్తుంటె నోరెందుకు మూసుకున్నవయ్యా?"

"నువ్వు గంత ఖుషీగ ఉంటివి. ఎట్ల జెప్పాలె?"

ఇలాంటి మొగుడితో పోట్లాట కూడా సరిగ్గా సాగదు.

మర్నాడు నేనే లాంచి పొట్టలోకి దిగాను. ఇంజను నుంచి చుక్కచుక్కగా కారే నూనె, చెక్కల సందుల్లోంచి ఊరే నీళ్లతో కలిసి అడుగున నల్లగా నిలిచి ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని డబ్బాతో తోడి పక్కనే పారబోయడం లాంచివాళ్ల అలవాటట. ఇంత కృష్ణలో ఒక డబ్బా ఎంత అని మా ఆయన వాదన. "మరి అవ్వ బిందె ఎంత?" అని అడిగాను.

ఆ రోజు నుంచి తోడిందంతా ఒడ్డు మీద, సగానికి కోసిన డ్రమ్ములో పోయించాను. కాసేపు కదపకుండా వదిలేస్తే నూనె పైకి తేలుతుంది. మీగడ తీసినట్టు గంటెతో తీయడమే. ఇంజను కింద చుక్కలు పట్టడానికి వెడల్పాటి పళ్లెం ఒకటి కావాల్సి వచ్చింది. ఇల్లంతా వెతికితే ఆ సందులో పట్టేది ఒక్కటే దొరికింది, మా అమ్మ పెళ్లిలో పెట్టిన ఇత్తడి తాంబాలం. మా ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు. నేను ఒక్క తోపు తోశాను. అది ఎంత ముచ్చటగా ఇరుక్కుందంటే మళ్లీ బయటకు రాలేదు. దాంట్లో పడ్డ నూనెను గుడ్డతో అద్ది పిండుకునేవాళ్లం.

తీసిన నూనె ఏం చేయాలా అనుకుంటుంటే, రాళ్లు తోలే ఎడ్లబండ్లవాళ్లు చూశారు. "గది మాకియ్యక్కా, ఇరుసులకు కందెన ఏసుకుంటం," అన్నారు. కాలిన గడ్డి మసితో కలిపి పూసుకునేవాళ్లు. కొద్ది రోజుల్లోనే డ్రమ్ము చుట్టూ బండ్లు బారులు కట్టాయి. ఒక్క చుక్క నీళ్లలో పడితే నాకంటే ముందు వాళ్లే మా ఆయనను తిట్టేవాళ్లు. నందికొండలో కీచుమనే బండి ఒక్కటీ లేకుండా పోయింది, ఆ ఘనతంతా నాదేనని నేను చేతులూపుకుంటూ తిరిగాను.

పాత నూనె మాత్రం రేవు రాళ్లను పట్టుకుని వదల్లేదు. ఎండ పడితే చాలు, అంచున మళ్లీ రంగులు తేలేవి. ఊక చల్లి, గోనెసంచులతో అద్ది అద్ది తీశాం. సింగిడి కనిపిస్తే వాడంతా పరుగెత్తి చెప్పినదాన్ని, ఇప్పుడు గోనెసంచి పట్టుకుని దాని వెంట పడ్డాను. పండగ దగ్గరపడే కొద్దీ నవ్వు కూడా తగ్గింది నాకు.

సద్దుల బతుకమ్మ రానే వచ్చింది. తాంబాలం ఇంజను కింద ఉంది కాబట్టి, తంగేడు, గునుగు, బంతిపూలు చేటలోనే పేర్చుకుని రేవుకు వెళ్లాను. ఆట అయింది, పాట అయింది. అందరూ బతుకమ్మలు చేత పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ నీళ్లలో అడుగు పెట్టలేదు. అవ్వ తన బతుకమ్మను కోడలి చేతికిచ్చి మోకాలి లోతు దిగింది. వంగి నీళ్లను చూసింది. దోసిట్లో తీసుకుని వాసన చూసింది, పారబోసి ఇంకోసారి తీసుకుంది. ఆ రెండో దోసిలి ఆమె తాగింది.

తర్వాత కోడలి దగ్గర బతుకమ్మ తీసుకుని నీళ్లలో వదిలింది. పూలు రంగు మారకుండా, జిడ్డు అంటకుండా తేలిపోయాయి. అవ్వ నా వైపు చూడలేదు. లాంచిలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డ మా ఆయనతో, "రేపు నన్ను గా ఒడ్డుకు తీస్కపోతవా కొడుకా? నా బిడ్డ ఆడ ఉన్నది, రొట్టెలు, బెల్లం నలిపి మలీద జేసిన, ఇచ్చొస్త," అంది.

మా ఆయన నా వైపు చూశాడు. "తీస్కపోతడవ్వా, జర పొద్దుగాల్ల రా," అని నేనే అన్నాను.

ఇంటికి వచ్చాక, పొద్దున ఎవరికీ చెప్పకుండా కట్టిపెట్టుకున్న మూటలు విప్పాను. మా ఆయన చూశాడు. పక్కన కూర్చుని గిన్నెలు ఒక్కొక్కటే అందించాడు, నేను గూట్లో పెట్టాను.