గోడకెక్కిన బద్ధకం

హన్మకొండ చౌరస్తా దగ్గరి బట్టల దుకాణంలో మొగిలి హమాలీ. లారీలో వచ్చిన చీరల మూటను నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని మూడో అంతస్తులోని గోదాము దాకా మోస్తాడు. మూట మోయడంలో తనను మించినవాడు లేడని కాస్త గర్వం కూడా. ఉండనివ్వండి, అతనికున్న ఆస్తి అదొక్కటే.

చిన్న సేటు ఓంప్రకాశ్‌కు ఉన్నట్టుండి పనివాళ్ల ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. వెల్‌నెస్ ప్రోగ్రామట. కూర్చోవడానికి నాలుగు కుర్చీలు వేయించాడా? లేదు. తిన్నాక కాసేపు నడుం వాల్చనిచ్చాడా? అదీ లేదు. అడుగులు లెక్కపెట్టే స్మార్ట్‌వాచీలు తెప్పించి అందరి చేతులకూ కట్టించాడు. నెల తిరిగేసరికి దుకాణం మొత్తంలో చురుకైన మనిషి సుభాషిణి అని తేలింది. పొద్దంతా పరుపు మీద కూర్చుని, కొనేవాళ్ల ముందు చీరలు విసిరి విసిరి పరిచే సుభాషిణి! ఆ వాచీకి తెలిసిందల్లా చెయ్యి ఊగడమే. మూట పట్టుకున్న చెయ్యి ఊగదు కనుక మొగిలి బద్ధకస్తుడైపోయాడు. 'ఇంకా కదలాలి' అన్న అక్షరాల కింద అతని ఫోటో గల్లాపెట్టె వెనక గోడకెక్కింది.

బట్టలకొచ్చినవాళ్లు ఫోటోనూ మనిషినీ మార్చి మార్చి చూసి నవ్వారు. మొగిలికి తల కొట్టేసినట్టయింది. ఆ వారమే సరుకు లారీ వచ్చింది, పైన మబ్బు కమ్ముకొచ్చింది. మొగిలి మెట్ల మీద కూర్చుని కదల్లేదు.

"మొగిలన్నా, జర లెవ్వే, సరుకు తడుస్తది," అన్నాడు ఓంప్రకాశ్.

"నేను బద్దకపోన్ని గద సేటూ. ఉషారున్నోళ్లను పిలువు. లేకుంటె అందరు చూస్తుండంగ ఆ ఫోటో తియ్యి," అన్నాడు మొగిలి.

చినుకు పడింది. ఓంప్రకాశ్ పరుగున పోయి తన చేతులతోనే ఫోటో తీశాడు. మొగిలి లేచి, ఒక్క చీరా తడవకుండా సరుకంతా పైకి చేర్చాడు.

సేటుకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? తెల్లారేసరికి అదే మేకుకు వాచ్‌మన్ వెంకట్రాజం ఫోటో వేలాడింది. గుమ్మం దగ్గర పొద్దంతా నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయే ముసలాయన అతను.

మొగిలి మూటతో లోపలికొస్తూ ఆ ఫోటో చూశాడు. తల వంచుకుని నిలబడ్డ వెంకట్రాజాన్నీ చూశాడు. ఆగి, ఎంతో ఇదిగా అన్నాడు:

"ఒక్కకాడ్నే గట్ల నిలవడితె ఎట్లనే కాకా, జర అటిటు తిరుగరాదు?"