మగ్గం గుంటలో దాచిన గుట్ట

మొన్న కరీంనగర్ మార్కెట్లో తంగేడు పువ్వును తూకానికి అమ్ముతుంటే, ఆ పచ్చి వాసనకు బేరం మరిచి నిలబడిపోయాను. ఆ వాసన వెనకాల నాకొక గుట్ట ఉంది, దాని మీద ఐదు ఊళ్లున్నాయి. పెద్దపల్లి దగ్గరి మా ఊరివాళ్లు మాత్రం దాన్ని బతుకమ్మ అనేవాళ్లు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, చెల్లెకు ఐదు. అమ్మను అవ్వ అని, నేతపని చేసే నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. బాపు నూలుకు అద్దే రంగుల్లోనే తెల్లటి గునుగు పూలు ముంచి, అవ్వ తాంబాలంలో వరుస మీద వరుస పేరుస్తుంటే, మేం వరుసకొక ఊరు కట్టేవాళ్లం. అడుగున తంగేడు ఊరు, అక్కడివాళ్లకు పసుపు తప్ప వేరే రంగు కనబడదు. దాని మీది గునుగు ఊళ్లో రంగురంగుల మంచు రాలుతుంది, కట్లపూల ఊళ్లో వాన నేలలోంచి పైకి కురుస్తుంది, బంతిపూల ఊళ్లో మేకలే మనుషుల్ని మేపుకొస్తాయి, కొసన గుమ్మడిపువ్వులో ఒక ముసలమ్మ పొద్దున్నే సూర్యుణ్ణి ఊది రాజేస్తుంది. వాళ్లేం తింటారు, ఏ ఊరి పిల్లను ఏ ఊరికి ఇస్తారు అని మాకు ఒకటే ఆరా.

పండుగ చివరి రోజు, సద్దుల నాడు, దాన్ని చెరువులో వదలాలనేసరికి నాకు ఆ ఊళ్లవాళ్లు గుర్తొచ్చారు. అంతమంది మునిగిపోరూ? అవ్వ నెత్తి మీది పెద్ద బతుకమ్మను కాపాడటం నా వల్ల కాదు. అవే ఐదు వరుసలతో పేర్చి నా చేతికిచ్చిన చిన్నదాన్ని మాత్రం, పాటల సందట్లో వెనకబడి, ఇంటికి తెచ్చి, బాపు కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం గుంటలో దాచి, మళ్లీ చెరువుకు ఉరికాను. నా ఖాళీ చేతులు చూసి అవ్వ నీళ్లలో వదిలేశాననుకుని, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద పెట్టింది.

దసరా పొద్దున మగ్గానికి బొట్లు పెడదామని గుంటలో దిగిన బాపు, వాడిన పూలకుప్పను పైకి తీశాడు.

"గంగల కలువాల్సిన బతుకమ్మను ఇంట్ల దాస్తరానే? అరిష్టం గాదా!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది.

ఏడుస్తూ ఊళ్ల సంగతంతా చెప్పాను. బాపు ఒక్కో వరుస మీద వేలు పెట్టి, ఎవలుంటరు, ఏం పని చేస్తరు అని ఓపికగా అడిగాడు. అంతా విని, "అందరున్నరు గని, మన సాలోల్లు ఏ ఊర్ల ఉంటరు బిడ్డా?" అన్నాడు.

ఐదూళ్ల జనానికి బట్ట నేసేవాడే లేడు! సిగ్గుతో చచ్చిపోయాను.

"పా, జర నీల్లల్ల వెట్టొద్దాం. మొన్నటి సంది దూపకు ఎంత తండ్లాడుతున్నరో సూడు," అన్నాడు బాపు. దాహంతో వడలిన రేకులు చూస్తే నిజమేననిపించింది. మగవాడు బతుకమ్మ ఎత్తుకున్నాడని దారిలో ఆడవాళ్లు నవ్వినా, చెరువు దాకా తనే మోశాడు.

ఇప్పుడు ఆ గుంట పూడ్చి బండలు పరిచారు, చెరువు సగం ఇళ్లయింది, బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆ పొద్దున ఆయన వెనకాల నడుస్తూనే సాలోళ్లకు ఆరో ఊరు కట్టేశాను. సిగ్గుపడి ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.